దగ్గర దారి కాదు, చేర్చే దారి

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఇంగ్లండు నుండి ఫోను వచ్చింది. చేసినవాడు మా సంఘంలో పెరిగిన అబ్బాయి. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠత వాక్యాలు ఒప్పజెప్పి ప్రతి ఏడాదీ బహుమతి తీసుకున్నవాడు. ఇంజినీరింగ్ చదివి, పై చదువుకని వెళ్లి, అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. భార్యకు ఐదో నెల అని చెప్పి ప్రార్థన చేయమన్నాడు. చేశాం. ఆమేన్ అన్నాక కూడా ఫోను పెట్టలేదు.

"అయ్యగారూ, ఇంకొక్క మాట. నేను సిగరెట్లు తాగుతానండి. ఎనిమిదేళ్లయింది. రోజుకి పదిహేను దాకా అవుతున్నాయి. బిడ్డ పుట్టేలోగా మానెయ్యాలి. ఇక్కడందరూ వేప్‌కి మారమంటున్నారు. నిన్న షాపుకెళ్లాను. గోడనిండా ఉన్నాయి. ఏది తీసుకోవాలో తెలీక తిరిగొచ్చేశాను. అసలది విశ్వాసి తీసుకోవచ్చా? తీసుకోవచ్చంటే ఏది తీసుకోమంటారు?"

ఇన్నేళ్ల సేవలో మమ్మల్ని ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. అలవాటు కొద్దీ నోటికొచ్చిన జవాబు చెప్పేశాం. "అవన్నీ ఎందుకు బాబూ? ఉపవాసముండి ప్రార్థన చెయ్యి. ప్రభువు విడిపిస్తాడు."

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "మూడుసార్లు చేశానండి. ఒకసారి పన్నెండు రోజులు ఆగాను, ఒకసారి నెల, ఒకసారి నాలుగు రోజులు."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. "రెండు రోజులు గడువియ్యి నాయనా, కనుక్కుని చెబుతాం" అన్నాం. ఆ రెండు రోజుల్లో కొంత చదివాం. ఇక్కడ ఊపిరితిత్తుల వైద్యుణ్ణి అడిగాం. మా సంఘం నుండే వెళ్లి ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్న సహోదరితో మాట్లాడాం. అప్పుడు తెలుసుకున్నది మీతో పంచుకోవాలనిపించింది. ఈ ప్రశ్న ఆ అబ్బాయి ఒక్కడిది కాదు. మన సంఘాల్లో వెనక బల్లల మీద కూర్చుని, ఎవరినీ అడగలేక మోస్తున్నవారు చాలామంది ఉన్నారు.

మేము చేసిన పొరపాటు

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల క్రితం మేము కాపరిగా ఉన్న ఊళ్లో ఒక సంఘపెద్ద ఉండేవారు. మందిరం కప్పు వేసేటప్పుడు తన చేతులతో ఇటుకలు మోసిన మనిషి. ఆయనకు సిగరెట్టు అలవాటుందని అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవారు కాదు. ఆదివారం ఉదయం రెండు లవంగాలు నోట్లో వేసుకుని వచ్చేవారు. అప్పట్లో మాకు ఉత్సాహం ఎక్కువ. ఒక ఆదివారం ప్రసంగంలో, పొగతాగేవారు ప్రభువు బల్ల దగ్గరకు రావడానికి సిగ్గుపడాలని గట్టిగా చెప్పాం. ఆయన పేరు ఎత్తలేదు గానీ అందరి తలలూ అటే తిరిగాయి.

ఆ తర్వాత నెలనెలా బల్ల ఆరాధన నాడు ఆయన కనబడటం మానేశారు. సిగరెట్టు మానలేదు, మందిరం మానేశారు. నాలుగేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చింది. ఆసుపత్రికి వెళితే మా చెయ్యి పట్టుకుని, "ఎలా మానాలో ఒక్కరూ చెప్పలేదయ్యగారూ, మానమని మాత్రం అందరూ చెప్పారు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మాలో ఉంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

పొగ వేరు, బంధకం వేరు

సిగరెట్టు పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. హాయి అనిపిస్తుంది. కాసేపటికి అది తగ్గగానే చిరాకు, ఆందోళన, ఏకాగ్రత లేకపోవడం మొదలవుతాయి. మళ్లీ వెలిగిస్తే సర్దుకుంటుంది. రోజుకి పదిహేనుసార్లు, ఎనిమిదేళ్లపాటు ఈ పాఠం నేర్చుకున్న శరీరానికి "మానెయ్" అన్న ఒక్క మాట చాలదు.

అయితే మనిషిని కట్టేసేది ఒకటి, చంపేది ఇంకొకటి. కట్టేసేది నికోటిన్. చంపేది ముఖ్యంగా పొగాకు కాలినప్పుడు వచ్చే పొగ. ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయని, వాటిలో 70 దాకా క్యాన్సరు కలిగించేవని శాస్త్రజ్ఞులు తేల్చారు. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఆ పొగలోవే. ఈ తేడాను బ్రిటన్‌లో మైకేల్ రస్సెల్ అనే వైద్యుడు 1970లలోనే ఎత్తిచూపారు. నికోటిన్ బిళ్ళలు, పట్టీలు, వేప్‌లు అన్నీ ఈ తేడా మీదే నిలబడ్డాయి. పొగ లేకుండా కొంత నికోటిన్ ఇస్తే మనిషి ముందు పొగకు దూరమవుతాడు, తర్వాత నికోటిన్ నుంచి కూడా బయటపడవచ్చు అన్నది వాటి వెనకున్న ఆలోచన.

వేప్ అంటే ఇ-సిగరెట్టు. ఒక చిన్న బ్యాటరీ, ఒక కాయిల్, కొంచెం ద్రవం. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసన కోసం కలిపినవి ఉంటాయి. కాయిల్ వేడెక్కితే ద్రవం ఆవిరవుతుంది, దాన్ని పీలుస్తారు. కాలేది ఏమీ లేదు గనుక తారు, కార్బన్ మోనాక్సైడ్ రావు. దీన్ని ఈనాటి రూపంలో 2003 ప్రాంతంలో తయారుచేసినవారు హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయారు, ఆయన కూడా సిగరెట్లకు బానిసే.

ఇది మంచిదా, చెడ్డదా? బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో ఒక నివేదిక ఇచ్చింది. దీర్ఘకాలంలో వేప్ వల్ల వచ్చే హాని సిగరెట్టు హానిలో 5 శాతం దాటకపోవచ్చని అందులో అంచనా వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ధోరణిని ఒప్పుకోవడం లేదు. బజారులో అమ్మే వస్తువుగా ఇది జనం చేత సిగరెట్టు మాన్పిస్తోందని రుజువు కాలేదని, పిల్లల్ని పట్టుకుంటోందని 2023 డిసెంబరులో గట్టిగా హెచ్చరించింది. హాని తక్కువన్న మాటకు హాని లేదని అర్థం కాదు. మొదట్నుంచీ సిగరెట్టు ముట్టనివాడికి వేప్‌తో వచ్చే లాభం ఏదీ లేదు, నష్టమే ఉంది. కాలు విరిగినవాడికి ఊతకర్ర కావాలి. బాగా నడిచేవాడికి దానితో పనేమిటి?

ఐగుప్తు నుండి ఏ దారి?

నిర్గమకాండం 13వ అధ్యాయం 17వ వచనం మనం చాలాసార్లు చదువుతాం గానీ అక్కడ ఆగం. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుండి బయటికొచ్చాక, కనానుకు ఫిలిష్తీయుల దేశం మీదుగా దగ్గర దారి ఉంది. దేవుడు వారిని ఆ దారిన నడిపించలేదు. యుద్ధం చూసి జనం బెదిరి వెనక్కి తిరిగిపోతారని ఆయనకు తెలుసు. అందుకే ఎర్రసముద్రం వైపు, అరణ్యం గుండా చుట్టు దారి పట్టించాడు.

దేవునికి దగ్గర దారి తెలియక కాదు. ఆ జనం బలహీనత తెలిసి, వారు వెనక్కి తిరగకుండా చేరగల దారిని ఎంచాడు. ఒక్కసారిగా మానెయ్యగలిగిన వారున్నారు. అలాంటి సాక్ష్యాలు మన కూడికల్లో విన్నాం, ప్రభువును స్తుతించాం. కానీ మూడుసార్లు ఆ దారిన బయల్దేరి మూడుసార్లు తిరిగొచ్చినవాడికి నాలుగోసారి కూడా అదే దారి చూపించి, రాలేకపోతే నీ విశ్వాసం చాలలేదనడం కాపరి పని కాదు.

మందు వాడితే విశ్వాసం లేనట్టేనా? హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చినప్పుడు ఆయన కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అంత స్పష్టమైన వాగ్దానం వచ్చాక కూడా యెషయా ఆ పుండు మీద అంజూరపు ముద్ద వేయించాడు (2 రాజులు 20:7). అక్కడ ప్రార్థన, వాగ్దానం, మందు కలిసే పనిచేశాయి. అంజూరపు ముద్దను చూసి రాజు విశ్వాసాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

అయితే ఇదే గ్రంథం ఇంకో హెచ్చరిక కూడా చేస్తుంది. 1 కొరింథీ 6:12లో పౌలు తనకున్న స్వేచ్ఛను గూర్చి మాట్లాడుతూ, ఏ వస్తువూ తన మీద పెత్తనం చేయడానికి ఒప్పుకోనంటాడు. గ్రీకులో అక్కడ చిన్న మాటల పొందిక ఉంది. నాకు అనుమతి ఉంది అనే మాట, నన్ను ఏలడం అనే మాట ఒకే కుదురు నుండి పుట్టినవి. నాకు దాని మీద అధికారం ఉన్నంతసేపు ఫరవాలేదు, దానికి నా మీద అధికారం వచ్చిన రోజున స్వేచ్ఛ తలకిందులైనట్టే. కాబట్టి విశ్వాసి అడగాల్సింది రెండు ప్రశ్నలు. ఇది నన్ను ఐగుప్తు నుండి బయటికి తీసుకెళ్తుందా? తీసుకెళ్లాక దీన్ని కింద పెట్టగలనా?

రెండో ప్రశ్న ఊరికే అడగడం లేదు. ఇంగ్లండులో 886 మంది మీద చేసిన పరిశోధన ఒకటి 2019లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే వేప్ వాడినవారిలో 18 శాతం మంది సిగరెట్టుకు దూరంగా ఉన్నారు. బిళ్ళలు, పట్టీలు వాడినవారిలో 9.9 శాతమే. ఇంచుమించు రెట్టింపు ఫలితం. కానీ అలా సిగరెట్టు మానినవారిలో, వేప్ వర్గంలో 80 శాతం మంది ఏడాదైనా వేప్ పీలుస్తూనే ఉన్నారు. రెండో వర్గంలో తమకిచ్చిన బిళ్ళలో పట్టీలో ఇంకా వాడుతున్నవారు 9 శాతమే. అంటే వేప్ ఎక్కువమందిని ఐగుప్తు దాటించింది, కానీ ఎక్కువమంది అరణ్యంలోనే డేరా వేసుకున్నారు. అరణ్యం ఐగుప్తు కంటే మేలే. కానీ అది కనాను కాదు.

ఆ అబ్బాయికి చెప్పింది

రెండు రోజుల తర్వాత ఫోను చేసి, ఆ నర్సు సహోదరి వివరించినదాన్ని బట్టి ఇలా చెప్పాం.

మొదట షాపుకు కాదు, సిగరెట్టు మాన్పించే స్థానిక ఆరోగ్య సేవకు వెళ్లు. ఇంగ్లండులో అది ఉచితం. పది లక్షల మందికి వేప్ కిట్‌తో పాటు మాటసాయం కూడా ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం 2023లో ఒక పథకం ప్రకటించింది. అమ్మేవాడి కంటే మాన్పించేవాడి సలహా మేలు. ఒంటరిగా కాకుండా ఒకరి తోడుతో మానేవారే ఎక్కువగా నిలబడతారు.

రెండు, చిన్నది తీసుకో. మొదటిసారి వాడేవాడికి పాడ్ రకం చాలు. జేబులో పట్టేది, పీలిస్తే చాలు పనిచేసేది. వాట్లు మార్చుకునేవి, గదినిండా మేఘాలు వదిలేవి నీకు కాదు. నువ్వు కొనేది ఆటవస్తువు కాదు, మందు. సిగరెట్టు లాగానే పొగను ముందు నోట్లోకి, తర్వాత లోపలికి తీసుకునే రకం అడుగు. అయితే సిగరెట్టు కంటే నెమ్మదిగా, కాస్త ఎక్కువసేపు పీల్చాలి.

మూడు, నికోటిన్ మోతాదు. ఇక్కడే మంచి ఉద్దేశంతో చాలామంది తప్పు చేస్తారట. పవిత్రంగా మానుతున్నామనుకుని మొదటే తక్కువ మోతాదు తీసుకుంటారు. కోరిక తీరదు. సాయంత్రానికి సిగరెట్టు వెలిగిస్తారు. బ్రిటన్ చట్టం ప్రకారం ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు. రోజుకి పదిహేను తాగేవాడు ఎంతతో మొదలుపెట్టాలో ఆ ఆరోగ్య సేవ వారే చెబుతారు. సిగరెట్టు గుర్తురాకుండా చేసేంత మోతాదు ఉండాలి. గొంతు మండుతుంటే నికోటిన్ సాల్ట్ అనే రకం అడుగు, అది మెత్తగా ఉంటుంది.

నాలుగు, ఒకసారి వాడి పారేసేవి అక్కడ 2025 జూన్ 1 నుండి అమ్మకూడదు. మళ్లీ నింపుకునేదే కొను. అక్కడి చట్టం ప్రకారం పాడ్‌లో 2 మిల్లీలీటర్లకు, నికోటిన్ ద్రవం సీసాలో 10 మిల్లీలీటర్లకు మించి ఉండకూడదు. అంతకంటే పెద్దది ఎవరైనా చవగ్గా ఇస్తే అది చట్టవిరుద్ధమైన సరుకని గుర్తుపట్టు. మాడిన వాసన వస్తే కాయిల్ మార్చు. వీలైతే రెండోది ఒకటి ఛార్జి చేసి ఉంచుకో. అర్ధరాత్రి బ్యాటరీ అయిపోయి సిగరెట్టుకు తిరిగిపోయినవారు ఉన్నారని ఆ సహోదరి చెప్పింది. ద్రవం సీసా తాళం వేసిన చోట పెట్టు. మింగితే చంటిపిల్లలకు అది విషం. మీ ఇంట్లో త్వరలో పాకే బిడ్డ ఉంటుంది.

ఐదు, రెండు పడవల మీద కాళ్లు పెట్టకు. పగలు వేప్, రాత్రి సిగరెట్టు అన్న పద్ధతిలో పొగ హాని తప్పదు. ఒక తారీఖు పెట్టుకో. ఆ రోజు ఇంట్లో ఉన్న సిగరెట్లు, లైటరు, యాష్‌ట్రే అన్నీ బయట పారెయ్. నీ భార్య ఎదుట, ఇంటి లోపల వేప్ కూడా వద్దు.

ఆరు, మొదలుపెట్టే రోజునే ముగింపు గురించి ఆలోచించు. సిగరెట్టు వైపు మనసు లాగడం పూర్తిగా ఆగాక, తొందరపడకుండా, మోతాదును మెట్టుమెట్టుగా తగ్గించు. ఏ నెలకు ఏ మెట్టు అన్నది కాగితం మీద రాసి నీ భార్యకివ్వు. మాకూ ఒక కాపీ పంపు.

"పాపమా అని అడిగావు కదా. ఊతకర్ర పట్టుకోవడం పాపం కాదు బాబూ. కాలు బాగయ్యాక కూడా దాన్ని వదలకపోతే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం" అన్నాం. అతను నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

మరి ఇక్కడ ఉన్నవారి సంగతి?

ఇది చదివి మన యౌవనస్థులెవరైనా హైదరాబాదులోనో విజయవాడలోనో వేప్ కోసం వెతకకూడదు. మన దేశంలో పరిస్థితి వేరు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, ఆ డిసెంబరులో చట్టం ద్వారా ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధించారు. అమ్మినవారికి మొదటి నేరానికే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సిగరెట్టును అమ్మనిచ్చి దీన్ని నిషేధించడం న్యాయమా అని వాదించేవారున్నారు. ఆ ప్రశ్నలో బలం లేకపోలేదు. కానీ చట్టం చట్టమే. విడుదల కోసం దొంగసరుకు కొంటే, ఒక బంధకం నుండి బయటికొస్తూ మనస్సాక్షిని ఇంకొకదానికి తాకట్టు పెట్టినట్టవుతుంది.

ప్రాణం సంగతి కూడా చూడాలి. దొంగచాటుగా వచ్చే సీసాలో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదు. అమెరికాలో 2019లో వేప్ పీల్చినవారికి ఊపిరితిత్తులు దెబ్బతిన్న జబ్బు వ్యాపించింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువగా అక్రమంగా అమ్మిన గంజాయి సంబంధ ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అందుకు ముఖ్య కారణమని తేలింది.

మరి ఇక్కడివారికి అంజూరపు ముద్ద ఏది? ఉంది. మందుల షాపులో నికోటిన్ చూయింగ్ గమ్ దొరుకుతుంది. చాలామంది కొని, రెండు రోజుల్లో పారేసి, పనిచేయలేదంటారు. కారణం, దాన్ని మామూలు చూయింగ్ గమ్ లాగా నమలడమే. అలా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది, ఎక్కిళ్లు, గొంతు మంట వస్తాయి. మెల్లగా నాలుగైదుసార్లు నమిలి, ఘాటు తెలియగానే చెంపకు, చిగురుకు మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ మెల్లగా నమలాలి. అలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించేవారికి ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు, వైద్యుణ్ణి అడగాలి. చర్మానికి అంటించే పట్టీలు, వైద్యుడు రాసిచ్చే మాత్రలు కూడా ఉన్నాయి. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఏది వాడాలన్నా ముందు వైద్యుణ్ణి కలవాలి.

డబ్బు లేనివారికి కూడా దారి ఉంది. పొగాకు మానాలనుకునేవారి కోసం 1800-11-2356 అనే ఉచిత ఫోను సేవను కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టింది. ఈ నంబరు మందిరం నోటీసు బోర్డు మీద, బైబిలు పఠన పట్టిక పక్కన అంటిస్తే ఏ సంఘానికీ అవమానం కాదు.

ఇక్కడ సిగరెట్టు ఒక్కటే కాదు. 2016-17లో జరిగిన దేశవ్యాప్త సర్వే ప్రకారం పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారు 10.7 శాతమైతే, ఖైనీ, గుట్కా వంటి పొగ రాని పొగాకు వాడేవారు 21.4 శాతం. శ్రీకాకుళం వైపు పల్లెల్లో అడ్డపొగ అని, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే స్త్రీలున్నారు. అంగిలి క్యాన్సరు రావడానికి అదొక కారణం. స్త్రీల సమాజంలో ఆ తల్లులు మన పక్కనే కూర్చుని పాటలు పాడతారు. వారిని ఎవరైనా ఎప్పుడైనా మెల్లగా అడిగారా?

సంఘం చేయవలసింది

మనం ఎవరిమీదా రాళ్లు వేయలేం. పందొమ్మిదో శతాబ్దంలో గొప్ప ప్రసంగీకుడు చార్లెస్ స్పర్జన్, చుట్ట తాగి దేవుణ్ణి మహిమపరుస్తానని 1874లో వేదిక మీదనుంచే చెప్పి పెద్ద వివాదంలో పడ్డారు. పొగాకు ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమని అప్పటికి తెలియదు. మనకు తెలుసు. అలాగే ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో పొగాకు బేరన్ల దగ్గర పనిచేసి, వేలం డబ్బు రాగానే కృతజ్ఞతార్పణ తెచ్చిన కుటుంబాల కానుకలతో కట్టిన మందిరాలున్నాయి. ఆ కానుకలు మనం తీసుకున్నాం. కాబట్టి ఈ విషయంలో మనం గద్దించే స్వరంతో కాదు, తోడు నడిచే స్వరంతో మాట్లాడాలి.

అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఐగుప్తులోని చేపలను, దోసకాయలను, వెల్లుల్లిని తలచుకుని ఏడ్చారని సంఖ్యాకాండం 11వ అధ్యాయం చెబుతుంది. కొరడా దెబ్బలు మాత్రం వారికి గుర్తురాలేదు. మానుతున్నవాడి మనసు కూడా అంతే. మొదటి వారం గట్టిగా లాగుతుంది, మూడు నాలుగు వారాల్లో నెమ్మదిస్తుంది. వచ్చే ప్రతి కోరికా ఎక్కువ భాగం కొన్ని నిమిషాల్లో దాటిపోతుంది. ఆ కొన్ని నిమిషాలు ఫోనెత్తే మనిషి ఒకరుండాలి. మూడు పేజీల ప్రసంగం అక్కర్లేదు. "ఉన్నాను, చెప్పన్నా" అంటే చాలు.

మత్తయి 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఖాళీ ఇల్లు గుర్తుంది కదా. అపవిత్రాత్మ వెళ్లిపోయాక ఇల్లు ఊడ్చి అమర్చి ఉంది గానీ లోపల ఎవరూ లేరు. అది మరి ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. సిగరెట్టు పోయిన చోట టీ తర్వాతి పది నిమిషాలు, ఆఫీసు మెట్ల దగ్గరి పావుగంట ఖాళీగా ఉంటాయి. అక్కడ ఏదైనా నింపాలి. నడక, కీర్తన, ఒక స్నేహితుడు, ఒక అధ్యాయం, ఏదో ఒకటి. పట్టీ శరీరానికి సాయం చేస్తుంది. ఖాళీ ఇంటిని నింపడం ప్రభువు పని, సంఘం పని.

ఇంకొకటి. జారిపడినవాడు మళ్లీ లోపలికి రావడానికి మన తలుపు తెరిచి ఉండాలి. మానిన సాక్ష్యాన్ని చప్పట్లతో వింటాం. మానలేకపోతున్న సాక్ష్యాన్ని వినే కూడిక మన సంఘాల్లో ఏది? అది లేనంతకాలం లవంగాలు అమ్ముడుపోతూనే ఉంటాయి.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాం. పాప పుట్టింది. నాలుగో నెల నడుస్తోంది. అతను సిగరెట్టు ముట్టి తొమ్మిది నెలలు దాటింది. మధ్యలో ఒకసారి, పాపకు జ్వరం వచ్చిన రాత్రి, ఒక సిగరెట్టు తాగాడు. మర్నాడు ఉదయమే ఫోను చేసి చెప్పాడు. మేము కోప్పడలేదు, కలిసి ప్రార్థన చేశాం, మళ్లీ మొదలుపెట్టాడు. వేప్ మోతాదు సగానికి వచ్చింది. ఇంకా చేతిలోనే ఉంది. కాగితం మీద ఇంకా రెండు మెట్లు మిగిలాయి. కనాను చేరాడని చెప్పలేం. ఐగుప్తు మాత్రం చాలా వెనకబడింది.

ఈ వారం మీ మందిరంలో లవంగం వాసనతో ఒకరు మీ పక్కన కూర్చుంటారు. ఆరాధన అయ్యాక మానమని చెప్పకండి, అది ఆయనకు మీకంటే బాగా తెలుసు. బయటికి నడుస్తూ, "అన్నా, మానాలనుకుంటే చెప్పు, నేను తోడుంటాను" అనండి. మా సంఘపెద్దకు మేము చెప్పలేకపోయిన మాట అదొక్కటే. మీరైనా చెప్పండి. తన జనం బలహీనత తెలిసి దారి మార్చిన దేవుడు, ఆ మాటతో బయల్దేరే ప్రతివారినీ చివరిదాకా చేర్చును గాక. ఆమేన్.